ఆరు నెలల మందు, ఆరు నెలల తోడు
(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హోటల్లో మనకు వేరే గ్లాసు పెడితే కొట్లాడినోళ్లం మనం. అదే మన ఇంట్లో కోడలికి టీబీ వస్తే వేరే కంచం, వేరే చెంబు పెట్టి, ఆనక పుట్టింటికి తోలేస్తున్నాం. ఈ వాడల్లోనే పుట్టి నర్సు పని చేస్తున్న మేం ఈ మాట సిగ్గుతోనే చెబుతున్నాం. చెప్పక తప్పదు. ఆమె మందు మానేసేది అక్కడే.

టీబీ కంచంతో రాదు, ముట్టుకుంటే రాదు. రోగి దగ్గినప్పుడు క్రిమి గాలిలో కలుస్తుంది. గాలాడని ఇరుకు ఇంట్లో పక్కనున్నవాళ్ల ఊపిరిలోకి పోతుంది. ఇరుకు ఇల్లూ, అరకొర తిండీ మన తలరాత కాదు. అవి మన మీద రుద్దినవి.

1956లో మద్రాసులో డాక్టర్లు ఒక పరీక్ష మొదలుపెట్టారు. బీద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇంటి దగ్గరున్నోళ్లకు తిండి తక్కువ, జాగా తక్కువ. అయినా దాదాపు అంతమందికీ నయమైంది. ఇంట్లోవాళ్లకు అదనంగా జబ్బు సోకలేదు. అంటే నయం చేసేది వెలి కాదు, మందు.

ఆ మందు సంగతి వినండి. మామూలు టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇతాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ ఆపి తక్కిన మూడూ ఇస్తారు. రోజూ మింగాల. మాత్రల లెక్క మనిషి బరువును బట్టి ఉంటుంది. కాబట్టి ఒకరి మాత్రలు ఇంకొకరికి పంచకూడదు. పరగడుపున మింగితే మంచిది. వికారమైతే కాస్త తిని మింగండి గానీ మానొద్దు.

రిఫాంపిసిన్ మింగితే ఒంటికి పోసే నీళ్లు, చెమట, కన్నీళ్లు నారింజ రంగులో వస్తాయి. నెత్తురు పోతోందని భయపడి మందు ఆపినోళ్లను మేం చూశాం. ఆ రంగుతో ప్రమాదం లేదు. కానీ కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, అన్నం బొత్తిగా సయించకపోయినా కాలేయానికి దెబ్బ తగిలిందేమో. మాత్రలు ఆపి ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. మందులు వాడినన్నాళ్లూ కల్లు, సారా, బ్రాందీ ఏదీ ముట్టొద్దు.

ఐసోనియాజిడ్ వల్ల కాళ్లు చేతులు తిమ్మిరెక్కి మంటలు పుట్టొచ్చు. దానికి బీ-6 మాత్ర ఉంది, అడిగి తీసుకోండి. పైరజినమైడ్‌తో కీళ్లు నొప్పులు పుడితే నర్సుకు చెప్పండి. ఇతాంబుటాల్ కంటిచూపుకు చేటు చేయొచ్చు. అప్పుడప్పుడు ఒక్కో కన్ను మూసి పండుమిరపకాయ, పచ్చిమిరపకాయ చూడమనండి. రంగు తేడా తెలియకపోతే, చూపు మసకబారితే వెంటనే డాక్టరుకు చూపించాల. ఇంకో మాట అక్కలకు: రిఫాంపిసిన్ వాడేటప్పుడు గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగా పని చేయవు. వేరే పద్ధతి అడగండి.

రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. "బాగైపోయాం గదా" అని కూలికి పోతాం, మందు వదిలేస్తాం. మిగిలిన క్రిమి మందుకు లొంగని మొండి క్రిమిగా మారేది అప్పుడే. వలస పోయేవాళ్లు ముందే ఆసుపత్రిలో చెప్పి, కాగితాలు వెంట తీసుకుపోండి. పోయిన చోట సర్కారు ఆసుపత్రిలో ఈ మందు ఉచితమే.

తప్పు రోగిది ఒక్కటే కాదు. 2024 మొదట్లో దేశంలో చాలాచోట్ల ఈ మందులే దొరకలేదు. మందు మానితే రోగిని తిట్టే సర్కారు, తానే మందు లేదంటే ఎవరిని తిట్టాల? ఒక్కరు పోయి అడిగితే రేపు రమ్మంటారు. వాడంతా పోయి అడగండి. పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్లు. 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. అది భిక్ష కాదు, హక్కు. బ్యాంకులో పడిందో లేదో చూసుకోండి.

మేం కోరేది ఇదీ. రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్షకు తీసుకుపోవాల. రోగి ఇంట్లో పిల్లలకూ పరీక్ష చేయించాల. ఒక్కో రోగికి వాడలో ఒక మనిషి తోడుండాల. పొద్దున్నే పోయి, మాత్ర మింగిందాకా కూచుని, అదే చెంబుతో మంచినీళ్లు తాగి రావాల.

పుట్టింటికి తోలిన కోడళ్లను పిలుచుకొద్దాం. వాళ్లకు అదే కంచంలో అన్నం పెడదాం.

జై భీమ్!