మన్యపు కంకరబాటలు



నేటి ప్రసంగమునకు విషయము కంకరబాటపై సైకిలు యాత్ర. ఈ మాట విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. "తారుబాట లేక కంకరపై త్రొక్కితిమి గాని, కోరి త్రొక్కినవారెవ్వరు?" అని మీరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని నేడు పెక్కుదేశములవారు నున్నని బాటను విడిచి, బుద్ధిపూర్వకముగా రాళ్లబాటను వెదకికొని పోవుచున్నారు. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున 2006వ సంవత్సరమున మొదలైన కంకరబాట పందెము 200 మైళ్ల పొడవు గలది. ఇటలీ దేశమున టస్కనీ యను కొండసీమలో ద్రాక్షతోటలకును అడవులకును నడుమ తెల్లని రాతిపొడి బాటలు కలవు. వానిని తారు మ్రింగివేయకుండ కాపాడవలెనని 1997వ సంవత్సరమున కొందఱు పాతకాలపు సైకిళ్లతో ఒక యాత్రను ప్రారంభించిరి. అది నేడు లోకప్రసిద్ధమైనది.

ఈ పనికై చేయు సైకిలును చూచితిరేని, మీకు పరిచయమైన వస్తువే క్రొత్త వేషమున కనబడును. తారుపై పందెములాడువారి టైరు సాధారణముగా 25 లేక 28 మిల్లీమీటర్ల వెడల్పు. అందు గాలిని రాయివలె బిగించి కొట్టుదురు. కంకరబాట సైకిలు టైరు సుమారు 40 మిల్లీమీటర్లు. మన తండ్రులు సంతకు త్రొక్కిన నల్లని సైకిలు టైరు ఒకటిన్నర అంగుళము, అనగా ఇంచుమించు అదే కొలత. కావున మనవారు ఎఱుగకయే ఈ విద్యయందు పండితులైరి! టైరు వెడల్పై, గాలి కొంచెము తక్కువైనచో, రాయి తగిలినపుడు చక్రము ఎగిరిపడదు. టైరే లోనికి నొక్కుకొని రాతిని దాటును. గాలి మఱీ తక్కువైనచో రాతికిని చక్రపు అంచునకును నడుమ ట్యూబు నలిగి జంటచిల్లులు పడును. ఈ రెంటి నడిమి కొలతను వ్రేలితో నొక్కి తెలిసికొనుటయే అనుభవము. ఇక భేదమెక్కడ ననగా, క్రొత్తదానికి గొలుసు మార్చుకొను పండ్లచక్రములు పెక్కు గలవు. ఏటవాలును బట్టి కాలిపై భారము తగ్గించుకొనవచ్చును. దాని బ్రేకులు చక్రపు అంచును గాక ఇరుసువద్ద నున్న లోహపు బిళ్లను పట్టును గనుక వానలోను బురదలోను పట్టు తప్పుట తక్కువ.

మనకు సమీపమున ఈ యాత్రకు తగిన సీమ ఏది యందురా? తూర్పు కనుమల మన్యమే. నర్సీపట్నమునుండి బయలుదేరి ఘాటీ నెక్కిన లంబసింగి వచ్చును. అది సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. దానికే కొఱ్ఱబయలనియు పేరు. చలికి బయట నిలిచినవాడు కొయ్యవలె బిగిసిపోవునని మన్యపువారి మాట. శీతకాలపు తెల్లవాఱుజామున లోయలన్నియు మంచుతో నిండి పాలకుండలవలె నుండును. దాపుననే తాజంగి జలాశయము. అటుపై సుమారు 20 కిలోమీటర్లు పోయిన చింతపల్లి, అచటినుండి జి. మాడుగుల మీదుగా పాడేరు, పాడేరునుండి అరకు, అరకునుండి అనంతగిరి మీదుగా దిగిన మరల మైదానము. ఈ పెద్దబాట తారుబాటయే. కంకర కావలెననువాడు దీనిని వెన్నెముకగా నుంచుకొని, గూడెములకు చీలిన ప్రక్కటెముకలవంటి దారులను పట్టవలెను.

ఆ దారులలో నున్న సుఖము పెద్దబాటపై లేదు. ఇరుప్రక్కల సిల్వరోకు చెట్లు, వానిని ప్రాకిన మిరియపు తీగెలు, వాని నీడన కాఫీ మొక్కలు. ఈ అరకు కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. వలిసె పూచినపుడు కొండవాలులు పసుపు ఆరబోసినట్లుండును. ఇప్ప, పనస, జీలుగు, విస్తళ్లకు పనికివచ్చు అడ్డతీగ, ఇవి యన్నియు దారిప్రక్కనే కనబడును. కారులో పోవువానికి ఇవి పచ్చని గీత మాత్రమే. సైకిలువానికి ఒక్కొక్కటి ఒక్కొక్క చెట్టు.

యాత్ర చేయువారు కొన్ని నియమములు పాటింపవలెను. కార్తీకమునుండి మాఘమువఱకు మంచి కాలము. వానకారున వాగులు క్షణములో పొంగును. ఎఱ్ఱమట్టి చక్రమునకు ముద్దగా పట్టును. ఎక్కునపుడు లేచి త్రొక్కరాదు. కూర్చుండియే త్రొక్కిన వెనుకచక్రముపై బరువు నిలిచి అది జాఱదు. దిగునపుడు శరీరమును వెనుకకు నెట్టి, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. మలుపులో ముందు బ్రేకును బిగించినవాడు పడుట నిశ్చయము. విడి ట్యూబు, అతుకు సామగ్రి, గాలిపంపు, నీళ్లు ఉండవలెను. ప్రొద్దుగ్రుంకులోపల గూడెము చేరవలెను. అడవిశాఖవారి హద్దులలో అనుమతి లేక చొరరాదు. నిప్పు రవ్వ యైనను విడువరాదు.

ఇంతవఱకు వినోదము చెప్పితిని. ఇక చెప్పవలసినది వేఱొకటి కలదు.

ఆ కొండలలో బాట యనునది చెమటతో మాత్రమే గాక కన్నీటితోను వేయబడినది. 1882వ సంవత్సరపు మదరాసు అడవి చట్టము పిమ్మట మన్యపువారికి పోడు సేద్యము కష్టమైనది. తరువాత గూడెము ప్రాంతమున ఘాటీబాట వేయించు అధికారులు వారిచే వెట్టి చేయించి, కూలి సరిగా ఇయ్యరైరి. అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటమునకు ఈ బాటపని యొక ముఖ్యకారణము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడులు జరిగినవి. 1924 మే 7న ఆ వీరుడు కొయ్యూరులో కాల్చబడెను. కృష్ణదేవిపేటలో సమాధి కలదు. అచట సైకిలు దిగి తలవంచని యాత్రికుడు బాటను చూచెను గాని బాట కథను చూడలేదు.

నేను ఉద్యోగమున నుండగా ఒక పుష్యమాసమున అట్టి చీలుదారిలో సైకిలు నడిపించుకొని పోవుచుంటిని. రాళ్లు, నీడ, వాగు చప్పుడు, మనస్సు ఉప్పొంగుచుండెను. ఎదురుగా నలుగురు మనుష్యులు వెదురుబొంగునకు కట్టిన డోలీని మోసికొని వచ్చుచుండిరి. అందు నెలలు నిండిన యొక స్త్రీ యుండెను. నేను దారి తొలగితిని. ముందున్న వృద్ధుడు నిలువకయే, "బాబూ, క్రింద జీపు నిలిచియున్నదా?" అని అడిగెను. ఉన్నదని చెప్పితిని. అతడు నా సైకిలును చూచి, "ఈ రాళ్లలో దీనిని ఎందుకు తెచ్చినారు?" అనెను. నాకు ఉత్తరము తోపలేదు. పదునెనిమిదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను, ఆ యొక్క ప్రశ్నకు మూగనైతిని. ఏ రాళ్లను నేను సౌందర్యమని మెచ్చితినో, ఆ రాళ్లే వారి భుజములను కోయుచుండెను.

నాటినుండి నాకొక నిశ్చయము కలిగినది. టస్కనీవారు తెల్లబాటలను కాపాడుకొనుట యుక్తమే. ఆసుపత్రికి పోవుటకు వారికి వేఱు మంచిబాట కలదు. మన గూడెములకు ఉన్న దారి అదొక్కటే. కావున మన వినోదముకొఱకు వారి దారి రాళ్లగానే యుండవలెనని కోరుట పాపము. అచట తారు పడిన దినమున సైకిలువాడును సంతోషింపవలెను.

అట్లని కంకరబాట పనికిమాలినది కాదు. తారు వచ్చువఱకు దానిని నిలుపుకొనుట మీవంటి పెద్దల చేతిలోనున్నది. కంకరబాటను చెఱచునది బండి కాదు, నీరు. నడుమ ఎత్తుగను, అంచులు వాలుగను ఉండవలెను. ప్రక్క కాలువలు పూడరాదు. కాలువ పూడినచో బాటయే కాలువ యగును. తొలకరికి ముందు ఊరివారు ఒక్కదినము పాఱలు పట్టి కాలువలు తీసినచో, ఆ బాట వానకారును తట్టుకొనును. అంచుననున్న చెట్లను నఱుకరాదు. వాని వేళ్లు కట్టను పట్టియుంచును.

పట్టణమునుండి సైకిలుపై వచ్చు పిల్లలు మీ యూరిలో నిలిచినపుడు వారికి నీళ్లతోపాటు ఈ మాటయు చెప్పుడు: "నాయనా, నీకిది విహారము, మాకిది దారి. చెత్త విడువకుము, ఫొటో తీయుటకు ముందు అడుగుము, డోలీ ఎదురైనచో సైకిలు ప్రక్కన పెట్టి భుజమిమ్ము." ఆ వృద్ధుని ప్రశ్నకు నాకు ఆలస్యముగా దొరికిన ఉత్తరమదియే.