తోటివాడి దుఃఖం
(ఏర్పేడులో దివంగత సభ్యుల సంస్మరణ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



వైమానిక దళంలో గ్రౌండ్ సిబ్బందిగా పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి పైలట్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఈ సభలో పైలట్ల ప్రసక్తి ఎందుకని మీకు అనిపించవచ్చు. కలిసి పనిచేసినవాడు పోతే మిగిలినవాళ్ళు ఏం చేయాలన్నది వాళ్ళను చూసి నేర్చుకోదగిన సంగతి. అందుకే ఒప్పుకున్నాను.

2004 ఏప్రిల్ 17న సినీనటి సౌందర్య గారు బెంగళూరు జక్కూరులో విమాన ప్రమాదంలో మరణించారు. ఆమెది ముళబాగిలు ప్రాంతం. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరిన ఆ చిన్న సెస్నా విమానం పైకి లేచిన కొద్ది క్షణాలకే కూలిపోయింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు సొంత బిడ్డ పోయినట్టు ఏడ్చారు. ఆ విమానం నడిపిన పైలట్ పేరు జాయ్ ఫిలిప్. ఈ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

2002 మార్చి 3న కైకలూరు దగ్గర స్పీకరు బాలయోగి గారితో పాటు పోయిన పైలట్ కెప్టెన్ మీనన్. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారితో పాటు పోయిన పైలట్లు గ్రూప్ కెప్టెన్ భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. నాయకుల పేర్లు రాష్ట్రమంతా తలుచుకుంటుంది, అది న్యాయమే. పైలట్ పేరు మాత్రం ఇంటివాళ్ళకూ, తోటి పైలట్లకూ మిగులుతుంది.

ఇంటివాళ్ళ దుఃఖానికి ఒక ఆచారం ఉంది. మైల ఉంటుంది, దివసాలు ఉంటాయి, పరామర్శకు వచ్చే బంధువులు ఉంటారు. తోటి ఉద్యోగికి అవేవీ లేవు. మర్నాడు డ్యూటీకి పోవలసిందే. పైలట్ అయితే మళ్ళీ అటువంటి విమానంలోనే, అటువంటి సీటులోనే కూర్చోవాలి.

2010 మార్చి 3న బేగంపేటలో నౌకాదళం వారి సాగర్ పవన్ జట్టు విన్యాసాలు చేస్తుండగా ఒక కిరణ్ విమానం బోయినపల్లిలో ఒక ఇంటి మీద కూలింది. కమాండర్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ మరణించారు. వాళ్ళ జట్టువాళ్ళు ఆ సమయానికి ఇంకా గాలిలోనే ఉన్నారు. ముందు విమానం క్షేమంగా దించాలి, ఏడుపు ఆ తర్వాత. ఇంతకన్నా కఠినమైన ఉద్యోగ ధర్మం ఏముంటుంది?

అయితే వాళ్ళు ఆ దుఃఖాన్ని ఊరికే దిగమింగుకోరు. మూడు పనులు చేస్తారు.

మొదటిది, ఖాళీని అందరికీ చూపిస్తారు. విమానాలు వరుసగా ఎగురుతూ వస్తుండగా ఒకటి విడిపోయి నిటారుగా ఆకాశంలోకి పోతుంది. మిగిలినవి ఆ ఖాళీని పూడ్చకుండా అలాగే సాగిపోతాయి.

రెండోది, ఇంటివాళ్ళ భారం కొంత మోస్తారు. సైన్యంలో, వైమానిక దళంలో చనిపోయినవారి సొంత వస్తువుల కోసం 1950లో ఒక చట్టమే చేశారు. దాని ప్రకారం తోటి అధికారుల కమిటీ ఒకటి కూర్చుని ఆ వస్తువులన్నీ జాబితా రాసి, బాకీలు తేల్చి, వారసులకు చేరుస్తుంది. నిన్నటి దాకా తమతో కలిసి భోంచేసినవాడి చేతి గడియారం, చొక్కాలు లెక్కరాయడం తేలికైన పని కాదు.

మూడోది, కారణం వెతుకుతారు. విమాన ప్రమాదాల విచారణకు అంతర్జాతీయ నియమం ఒకటుంది: విచారణ జరిపేది ఇంకో ప్రమాదం జరగకుండా ఉండడానికే గాని, ఒకరి మీద నేరం మోపడానికి కాదు. 2021 డిసెంబరు 8న కూనూరు ప్రమాదంలో జనరల్ రావత్ గారితో పాటు మన కురబలకోట మండలం ఎగువ రేగడ వాసి లాన్స్ నాయక్ సాయితేజ అమరుడయ్యాడు. డీఎన్ఏ పరీక్ష అయ్యేదాకా ఆ తల్లిదండ్రులకు బిడ్డ భౌతికకాయం కూడా అందలేదు. వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టరు మబ్బుల్లోకి పోవడంతో పైలట్‌కు దిశ తెలియకుండా పోయిందని 2022 జనవరిలో విచారణ బృందం తేల్చింది. ఆ మాట పోయినవారిని తిరిగి తేలేదు. కాని రేపు మబ్బు ఎదురైన పైలట్‌కు అది పనికొస్తుంది.

మిత్రులారా, ఈ మూడు పనులూ మనమూ చేయవచ్చు. పోయిన సభ్యుని పేరుతో పాటు ఆయన చేసిన పని ఏమిటో మన సభల్లో చెప్పుకుందాం. కుటుంబ పెన్షను కాగితాలు పట్టుకుని ఆయన భార్య ఒంటరిగా ఖజానా కార్యాలయం మెట్లెక్కకుండా మనలో ఒకరు వెంట వెళదాం. ఇక మూడోది: బీపీ మాత్రలు మానేసి పోయాడా, హెల్మెట్ లేకుండా హైవే ఎక్కి పోయాడా అన్నది దాచకుండా మాట్లాడుకుందాం. పోయినవాణ్ణి తప్పుపట్టడానికి కాదు, ఉన్నవాళ్ళు జాగ్రత్త పడడానికి. 2017 ఏప్రిల్ 21న మన పోలీస్ స్టేషను ముందు లారీ దూసుకొచ్చి ఎన్ని ఇళ్ళు చీకటి చేసిందో ఏర్పేడు వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ సంవత్సరం మనల్ని విడిచి వెళ్ళినవారి ఇళ్ళకు ఈ వారంలోనే ఎవరెవరు వెళతారో, సభ ముగిసేలోగా పేర్లు రాసుకోవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను. మొదటి పేరు నాది రాయండి.