ముందు మందు, పిదప కత్తి

నెలసరి నిలిచి యేండ్లు గడచిన స్త్రీకి మరల రక్తము కనబడినచో, వేడిచేసినదని యూరకుండరాదు. గర్భాశయపు లోపొరలో పుట్టు రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, అది తొలి గుర్తు కావచ్చును. సిగ్గుచేత దాచిన నెలలలో వ్యాధి పెరుగును.

వ్యాధి గర్భాశయమునందే యున్నపుడు శస్త్రముచేసి దానిని తీసివేయుటయే మొదటి చికిత్స. కడుపులోని యితర భాగములకు ప్రాకి, ఒక్కసారిగా తీయ వీలుకానపుడు, వైద్యులు కొందరికి ముందుగా నరములోనికి మందెక్కింతురు. “కోయుట మానిరి, ఇక ఆశ లేదు” అని తలచి రోగిని ఇంటికి మరలించుట పొరపాటు. మందు పుండును కుదించును. కుదించిన పిమ్మట కత్తికి దారి దొరకును.

సాధారణముగా నిచ్చు మందులు రెండు: పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. మొదటిది తొలుత యూ అను చెట్టు బెరడునుండి తీయబడినది. రెండవదానిలో ప్లాటినము కలదు. 21 దినముల కొకసారి చొప్పున, తరచుగా 3 విడతలైన పిదప స్కానింగు తీసి, వ్యాధి తగ్గినచో శస్త్రముచేసి, తరువాత మిగిలిన విడతలు నిత్తురు.

జుట్టు రాలును, చికిత్స ముగిసిన పిదప మరల మొలచును. దానికి వెరవ నక్కరలేదు. వెరవవలసినది జ్వరమునకు. మందువలన రక్తములోని తెల్లకణములు తగ్గియుండును గనుక, జ్వరము తగిలినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ చికిత్స అందరికిని ఫలించునని చెప్పజాలము. ఫలించిన వారికి మాత్రము మూసిన తలుపు తెరచినట్లగును. మన యిండ్లలో స్త్రీల వైద్యమునకు పెద్దల మాటయే ఆధారము. వైద్యుడు “ముందు మందు” అనిన దినమున బండి నింటివైపు త్రిప్పకుడు. ఆ తల్లికి ధైర్యము చెప్పుడు.