కొలిచే కంటికీ దోషం ఉంటుంది: పనిచోట జాతి వివక్షను గుర్తించడం, ఎదుర్కోవడం



నేను భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుణ్ణి. ఈనాటి ప్రసంగ విషయం మాత్రం పనిచేసే చోట జాతి వివక్ష. దాన్ని గుర్తించడానికి, ఎదుర్కోవడానికి ఉద్యోగులకు శిక్షణ ఎలా ఇవ్వాలి అన్నది. దీనికీ భౌతికశాస్త్రానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ప్రయోగశాలలో స్క్రూగేజి చేతికి తీసుకోగానే మీరు చేసే మొదటి పని ఏమిటి? తీగ మందాన్ని కొలవడం కాదు. మధ్యలో ఏ వస్తువూ లేకుండా మరను బిగించి, తలస్కేలు మీది సున్న సూచీరేఖతో కలుస్తున్నదో లేదో చూడడం. కలవకపోతే అది శూన్యాంశ దోషం. దాన్ని రాసుకుని, ప్రతి కొలతలోనూ సవరించుకుంటాం. మనుషుల్ని అంచనా వేసే మన కంటికి కూడా ఇలాంటి దోషమే ఉంటుంది. అయితే ఆ కన్ను మనదే కాబట్టి దోషం మనకు కనిపించదు. ఈ సంగతి నాకు అర్థమయింది జగదల్‌పూర్‌లో.

జగదల్‌పూర్ ఎక్కడ ఉంది?

విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కితే అరకు, కోరాపుట్ దాటి జగదల్‌పూర్ చేరుకుంటాం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, ఇంద్రావతి నది ఒడ్డున, బస్తర్ జిల్లాకు కేంద్రం ఈ ఊరు. జిల్లా జనాభాలో సగానికి పైగా ఆదివాసులే. మురియా, మాడియా, ధుర్వా, భత్రా వంటి పేర్లు అక్కడ రోజూ వినిపిస్తాయి. హల్బీ, గోండీ, భత్రీ మొదలైన భాషలు సంతలో పక్కపక్కనే వినబడతాయి. దక్షిణాన కోంటా వైపు దోర్లా ప్రజలకు తెలుగుతో తరాల పరిచయం ఉంది.

ఈ రైలు మార్గం వేసింది ముఖ్యంగా బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. ఆ గనుల్లో ఉత్పత్తి 1968లో మొదలయింది. జగదల్‌పూర్‌కు దగ్గరలోని నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరులో ప్రారంభించారు. పరిశ్రమ వచ్చిన చోటికి దాని చుట్టూ దుకాణాలు, వర్క్‌షాపులు, కార్యాలయాలు, హోటళ్ళు వస్తాయి. ఎక్కడెక్కడి వాళ్ళో ఒకే కప్పు కింద పనిచేస్తారు. వారిలో మన తెలుగువాళ్ళు కూడా తక్కువేమీ కాదు.

నా శూన్యాంశ దోషం

కొన్నేళ్ళ క్రితం, ఉద్యోగాల్లో చేరబోతున్న యువతకు కొలతల పాఠాలు చెప్పడానికి అక్కడికి వెళ్ళాను. కోంటా వైపు నుంచి వచ్చిన ఒక దోర్లా అమ్మాయి వెర్నియర్ రీడింగు అందరికంటే ముందుగా, సరిగ్గా చెప్పింది. నేను సంతోషంతో, "పరవాలేదే! తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నావు, లెక్కలు కూడా వచ్చే!" అన్నాను. ఆమె చిన్నగా నవ్వి కూర్చుంది. ఆ రోజంతా మళ్ళీ నోరు విప్పలేదు.

సాయంత్రం స్థానిక ఉపాధ్యాయుడొకరు నన్ను పక్కకు పిలిచి, "సార్, విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయినైతే ఈ మాట అని ఉండేవారా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆమెకు తెలుగు రావడంలో వింత లేదు. కోంటాకు మన చింతూరు ఎంతో దూరం కాదు. లెక్కలు రావడంలోనూ వింత లేదు. వింతపడింది నా కన్ను. మెచ్చుకుంటున్నానని నేను అనుకున్నాను. "నీ వాళ్ళ నుంచి ఇది ఆశించలేదు" అని ఆమెకు వినిపించింది. మర్నాడు తరగతిలో అందరి ముందే, "నిన్న నేనన్న మాట తప్పు" అని ఒప్పుకున్నాను. ఆమె "పరవాలేదు సార్" అంది. ఆ "పరవాలేదు" అన్న మాటను అంత చిన్న వయసులోనే ఎంతమందికి చెప్పి ఉంటుందో అని నాకు అనిపించింది.

ముక్కులు కొలిచిన శాస్త్రం

ఈ దోషం ఒక్క మనిషిదే కాదు. శాస్త్రం పేరుతోనూ జరిగింది. బ్రిటిష్ పాలనలో 1901 జనగణనకు కమిషనర్‌గా ఉన్న హెర్బర్ట్ రిజ్లీ, ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి, నూరుతో గుణించి వచ్చిన సంఖ్యతో భారతీయులను జాతులుగా విభజించాడు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సమాజంలో స్థాయి తగ్గుతుందని వాదించాడు. కొలత పరికరం ఖచ్చితమైనదే కావచ్చు. కానీ ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది ముందే నిర్ణయమైపోయింది. కొలతలు దానికి సాక్ష్యంగా వచ్చి నిలబడ్డాయి.

1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త, ప్రపంచంలోని వివిధ జనసమూహాల రక్తవర్గాలు, ప్రోటీన్ల సమాచారాన్ని పరిశీలించాడు. మనుషుల మధ్య ఉన్న జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యనే ఉందని తేల్చాడు. తర్వాతి పరిశోధనలు కూడా దీనికి దగ్గరి ఫలితాలనే ఇచ్చాయి. అంటే, మనుషులను పుట్టుకతోనే తెలివైన జాతి, తెలివిలేని జాతి అని విడదీయడానికి జీవశాస్త్రంలో ఆధారం లేదు. జాతి అన్నది జీవశాస్త్ర సత్యం కాకపోయినా, జాతి వివక్ష మాత్రం సామాజిక సత్యం. దాని దెబ్బ నిజమైనది.

ఎలా గుర్తించాలి?

పరదేశంలో మనవాళ్ళకు జరిగితే మనం వెంటనే గుర్తిస్తాం. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో శ్రీనివాస్ కూచిభొట్ల అనే తెలుగు ఇంజనీరును ఒకడు "నా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్చి చంపినప్పుడు, అది జాతి ద్వేషమని మనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మనం చేస్తున్నప్పుడే గుర్తించడం కష్టం. అందుకు నాలుగు చోట్ల చూడమంటాను.

మొదటిది, పిలుపు. పేరుండగా "ఏయ్ జంగ్లీ" అని పిలవడం. రెండవది, పని పంపకం. ఒకే సర్టిఫికెట్ ఉన్న ఇద్దరిలో ఒకరికి యంత్రం, మరొకరికి చీపురు ఇవ్వడం. మూడవది, ఆశ్చర్యం. నేను చేసింది అదే. నాలుగవది, అనుమానం. దీనికి ఒక ఉదాహరణ చెబుతాను.

నా దగ్గర చదివిన ఒక మురియా అబ్బాయి ఒక చిన్న మరమ్మతు షాపులో చేరాడు. ఒక రోజు ఒక పానా కనబడలేదు. అక్కడ ఆరుగురు పనిచేస్తుంటే ఈ అబ్బాయి సంచి ఒక్కటే వెతికారు. పానా మోటారు కింద దొరికింది. ఎవరూ క్షమించమనలేదు. పక్కనే ఉన్న ఇద్దరు స్నేహితులూ మాట్లాడలేదు. మూడో రోజు నుంచి అతను పనికి వెళ్ళలేదు. హాజరు పట్టీలో "చెప్పకుండా మానేశాడు" అని రాశారు. తర్వాత వచ్చిన సూపర్‌వైజర్ ఆ పట్టీ చూసి, "వీళ్ళు నిలకడగా పనిచేయరు" అనుకుంటాడు. తప్పు పరికరంతో తీసిన కొలత రికార్డులోకి ఎక్కి, మరుసటి తప్పుకు ఆధారమవుతుంది.

గుర్తించడానికి సులువైన పరీక్ష, ఆ స్థానిక ఉపాధ్యాయుడు నాకు పెట్టినదే. "ఇదే మాట, ఇదే పని మరో వర్గం మనిషితో చేసి ఉండేవాణ్ణా?" ఈ పరీక్షనే పెద్దఎత్తున చేసినవారున్నారు. బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగాలకు సుమారు 5,000 దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకే తీరువి. పేర్లు మాత్రం కొన్ని తెల్లవారివిగా, కొన్ని నల్లవారివిగా వినిపించేవి. తెల్లవారి పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు 50 శాతం ఎక్కువగా వచ్చాయని 2004లో ప్రచురించారు.

శిక్షణ ఏమి చేయగలదు, ఏమి చేయలేదు?

2018 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఒకరి కోసం ఎదురుచూస్తూ ఒక స్టార్‌బక్స్ కాఫీ దుకాణంలో కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులు అరెస్టు చేశారు. ఆ సంస్థ మే 29న మధ్యాహ్నం తన 8,000 దుకాణాలను మూసి, సుమారు 1,75,000 మంది ఉద్యోగులకు శిక్షణ ఇచ్చింది. మంచి ప్రయత్నమే. అయితే ఒక్క పూటతో అలవాటు మారుతుందా? ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కేలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 800కు పైగా అమెరికా సంస్థల మూడు దశాబ్దాల సమాచారాన్ని పరిశీలించారు. మేనేజర్లకు నిర్బంధంగా పెట్టిన తరగతుల వల్ల ఐదేళ్ళ తర్వాత కూడా ఉన్నత స్థానాల్లో వైవిధ్యం పెద్దగా పెరగలేదని, కొన్ని వర్గాల వాటా తగ్గిందని 2016లో రాశారు. అనుభవజ్ఞులు కొత్తవారికి అండగా నిలిచి పని నేర్పే ఏర్పాట్లు మాత్రం మెరుగైన ఫలితాలిచ్చాయి.

అందుచేత జగదల్‌పూర్ వంటి చోట శిక్షణ ఎలా ఉండాలి? ఉపన్యాసం కాదు, ఆ ఊరి సంఘటనలతోనే అభ్యాసం జరగాలి. బోధించేవారిలో ఆదివాసీ ఉద్యోగులు ఉండాలి. ఆ పనికి వారికి జీతం ఇవ్వాలి. హిందీతో పాటు హల్బీ, గోండీ కూడా వినిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆరు నెలలకొకసారి లెక్క చూడాలి. ఎవరికి ఏ పని ఇచ్చారు, ఎవరిని పైశిక్షణకు పంపారు, ఎవరి సంచులు వెతికారు, ఎవరు ఎందుకు మానేశారు. ఈ లెక్క తీయకుండా శిక్షణ పని చేసిందని చెప్పడం, కొలవకుండా రీడింగు రాసుకోవడమే.

ఎదుర్కోవడం ఎలా?

ఎదుర్కోవడమంటే గొడవపడడం కాదు. చాలాసార్లు ఒక చిన్న వాక్యం చాలు. "ఆయనకు పేరుంది, పేరుతో పిలవండి." "వెతికితే అందరి సంచులూ వెతుకుదాం, నాది ముందు చూడండి." "ఆ మాటకు మీ ఉద్దేశం ఏమిటి?" ఇటువంటి వాక్యాలను శిక్షణలో గట్టిగా పలికించాలి. అవసరమైన క్షణంలో మాట దానంతట అది రాదు.

మరో సంగతి. అవమానపడిన మనిషే అభ్యంతరం చెబితే "అతిగా పట్టించుకుంటున్నాడు" అంటారు. పక్కవాడు చెబితే అలా తోసిపుచ్చడం తక్కువని మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలో తేలింది. కాబట్టి ఆ మరమ్మతు షాపులో మొదట మాట్లాడవలసినవారు ఆ ఇద్దరు స్నేహితులు.

మాటతో ఆగనప్పుడు చట్టం ఉంది. మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ఆధారంగా వివక్షను నిషేధిస్తుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. షెడ్యూల్డ్ తెగకు చెందిన వ్యక్తిని, ఆ వర్గాలకు చెందనివారు నలుగురూ చూసే చోట కావాలని అవమానించడం ఈ చట్టం ప్రకారం నేరం. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో, ఇచ్చినవారి ఉద్యోగానికి ముప్పు రాకుండా ఎవరు చూస్తారో శిక్షణలోనే చెప్పాలి.

విద్యార్థులారా, మీరు ఇంకా ఉద్యోగాల్లో చేరలేదు. కానీ మీ హాస్టల్లో, ప్రయోగశాలలో, ఆటస్థలంలో పాడేరు నుంచో, భద్రాచలం నుంచో, ఉట్నూరు నుంచో వచ్చిన సహాధ్యాయి ఉండవచ్చు. ఈ వారం ఒక అభ్యాసం చేయండి. ఎవరిని ఏమని పిలుస్తున్నారో, ఏదైనా పోతే మొదట ఎవరి వైపు చూస్తున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. ముందు మీ చూపుతోనే మొదలుపెట్టండి. ఆ రీడింగు సున్న దగ్గర లేకపోతే సిగ్గుపడి పుస్తకం మూసేయకండి. నాదీ లేదు. దోషం ఎంతో తెలిస్తేనే సవరణ సాధ్యం.