ఆ పలక ఎవరి కాళ్ల ముందు పెట్టారు?

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మేము ఒక నవల గురించి మాట్లాడబోతున్నాం. చర్చిలో నవలేమిటని కొందరికి అనిపించవచ్చు. యేసు ప్రభువు కథలు చెప్పే బోధించాడు. తప్పిపోయిన కుమారుడి కథ విన్నవాళ్లలో తమ్ముడి పక్షం వహించినవాళ్లు ఎవరో, అన్న పక్షం వహించినవాళ్లు ఎవరో చూస్తే, వాళ్ల మనసు ఎలాంటిదో తెలిసిపోతుంది. మంచి నవల కూడా ఆ పని చేస్తుంది. మనం దాన్ని చదువుతున్నామనుకుంటాం, అది మనల్ని చదువుతుంది.

మన గుంపులో ఒక తమ్ముడు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపు నుంచి ఒక పుస్తకం తెచ్చాడు. జపాన్ రచయిత షుసాకు ఎండో రాసిన ‘సైలెన్స్’. ఆరు ఆదివారాల సాయంత్రాలు దాన్ని కలిసి చదివాం. ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లు చదివారు, మిగతావాళ్లకు ఒక్కో అధ్యాయం తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాం.

ఎండో 1923లో పుట్టాడు. బాల్యంలోనే తల్లి మాట మీద కాథలిక్ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ విశ్వాసం తనకు అమ్మ తొడిగిన పాశ్చాత్య కోటులాంటిదని, అది తన ఒంటికి సరిపోలేదని, అయినా విప్పి పారేయలేకపోయానని ఆయన జీవితమంతా చెప్పుకున్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఏళ్లతరబడి ఆసుపత్రుల్లో ఉన్నాడు. కోలుకున్నాక ఒకసారి నాగసాకి వెళ్తే, అక్కడ ఒక పాత ‘ఫుమియె’ కనబడింది. ఫుమియె అంటే తొక్కే బొమ్మ. యేసు ప్రభువు రూపమో మరియమ్మ రూపమో ఉన్న లోహపు పలక. క్రైస్తవ్యాన్ని నిషేధించిన కాలంలో అధికారులు దాన్ని నేలమీద పెట్టి ప్రజల చేత తొక్కించేవారు. తొక్కనివాణ్ణి క్రైస్తవుడిగా పట్టుకునేవారు. ఎండో చూసినదాని చెక్క చట్రం మీద, తొక్కినవాళ్ల కాలివేళ్ల నల్లటి మరకలు మిగిలి ఉన్నాయి. ఆ మరకలు ఎవరివి, తొక్కేటప్పుడు వాళ్ల మనసులో ఏముంది అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. హతసాక్షుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. 1597లో నాగసాకిలో సిలువ వేసిన ఇరవై ఆరుగురిలో మన దేశంలో, ముంబై దగ్గర వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా కూడా ఉన్నాడు. తొక్కినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వాళ్ల కోసం ఎండో 1966లో ఈ నవల రాశాడు.

కథ క్లుప్తంగా చెప్తాం. పోర్చుగీసు గురువు ఫెరీరా హింసకు తాళలేక విశ్వాసం విడిచాడన్న వార్త యూరపుకు చేరుతుంది. ఇది 1633లో నిజంగా జరిగింది. నమ్మలేని శిష్యుడు రోడ్రిగ్స్ గోవా, మకావుల మీదుగా రహస్యంగా జపాన్ చేరతాడు. దారి చూపించేవాడు కిచిజిరో అనే తాగుబోతు జాలరి. వాడు తన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కాలిపోతుంటే పలక తొక్కి బతికినవాడు. చివరికి రోడ్రిగ్స్‌నూ వెండి నాణేలకు అమ్ముతాడు. అమ్మి, మళ్లీ ఏడుస్తూ క్షమాపణ కోసం వెంటపడతాడు. బలహీనుడిగా పుట్టినవాడు హతసాక్షి ఎలా అవుతాడు, హింస లేని కాలంలో పుట్టుంటే నేనూ మంచి క్రైస్తవుడినయ్యేవాణ్ణి కదా అని వాడి మొర. ఆఖరికి రోడ్రిగ్స్ కూడా పలక తొక్కుతాడు. దూరంగా కోడి కూస్తుంది.

ఈ పుస్తకానికి పాఠకులు ఎలా స్పందించారో చూడండి. జపాన్‌లో దానికి తనిజాకి బహుమతి వచ్చింది, జనం విరగబడి చదివారు. నాగసాకి ప్రాంతపు కాథలిక్కుల్లో చాలామందికి మాత్రం అది గాయమైంది. తమ పూర్వికులు ప్రాణాలిచ్చి నిలబెట్టిన విశ్వాసాన్ని ఈయన తేలిక చేశాడనుకున్నారు. మరోపక్క క్రైస్తవులే కాని వామపక్ష విద్యార్థులు దాంట్లో తమను చూసుకున్నారు. 1930లలో పోలీసుల ఒత్తిడికి లొంగి తమ సిద్ధాంతాన్ని విడిచినట్టు రాసిచ్చిన ముందు తరం వాళ్లకు గుర్తొచ్చింది. అమెరికా దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ దాన్ని దాదాపు పాతికేళ్లకు పైగా మనసులో మోసి, 2016లో సినిమా తీశాడు.

మన గుంపు కూడా చీలిపోయింది. కొందరు, “ప్రాణం పోయినా తొక్కకూడదు, మనుషుల ముందు ఒప్పుకోనివాణ్ణి ప్రభువు కూడా ఒప్పుకోడు” అన్నారు. కొందరు, “తన ప్రాణం కోసం కాదు కదా, వేరేవాళ్ల ప్రాణాల కోసం తొక్కాడు” అన్నారు. మూడు ఆదివారాలు ఆ పాదిరిగారి కాలు గురించే వాదించుకున్నాం. నాలుగో ఆదివారం, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని లేచి ఒక మాట అడిగింది.

“అయ్యగారూ, మరి మా అమ్మ కిచిజిరోనా?”

ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయే చెప్పింది. వాళ్లది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మూడు తరాలుగా విశ్వాసులు. అమ్మ కూలిపని చేసేది, ఆదివారం మందిరం ఊడ్చేది. పిల్లను బడిలో వేసిన రోజున మతం అన్న గడి దగ్గర పంతులుగారి కలం ఆగింది. “ఏదో ఒకటి రాయాలి కదమ్మా, ఊరికే ఫార్మాలిటీ. హిందూ అని రాస్తే రేపు హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు వస్తాయి” అన్నాడు. అమ్మ తలూపింది. ఆ రాత ఆమెతోపాటు టి.సి.లోకి, కుల ధ్రువీకరణ పత్రంలోకి, ఇంజనీరింగ్ సీటులోకి నడిచి వచ్చింది. “ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ అన్నం తినలేదంట. నాకు ఉద్యోగం వచ్చాక చెప్పింది” అంది ఆ అమ్మాయి.

నవలలో దుబాసీ కూడా రోడ్రిగ్స్‌తో అలాగే అంటాడు. ఇదంతా లాంఛనమేనని, కాలు అలా ఆనిస్తే చాలని. ఆ పేజీ మేమంతా చదివాం. మనకు తెలిసిన గొంతేనని గుర్తుపట్టింది మాత్రం ఆ అమ్మాయి ఒక్కతే.

యవనస్థుల్లో చాలామందికి ఈ సంగతి పూర్తిగా తెలియదు కాబట్టి చెప్పాలి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివారిని షెడ్యూల్డ్ కులస్థులుగా గుర్తించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన తెలుగు రాష్ట్రాల్లో మాల, మాదిగ కుటుంబం క్రైస్తవులమని రాసుకుంటే బి.సి.-సి అవుతుంది. ఎస్సీ రిజర్వేషన్ పోతుంది, అట్రాసిటీ చట్టం రక్షణ పోతుంది. ఊళ్లో పేట మాత్రం మారదు, పిలిచే పిలుపు మారదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయాలని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు ఇచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైన ఒక పాస్టరుకు అట్రాసిటీ చట్టం వర్తించదంది.

ఇంకో సంగతి గమనించండి. నాగసాకిలో ఆ పలకను ఊరంతటి చేతా తొక్కించేవారు. ఇక్కడ అందరి ముందూ పెట్టరు. అగ్రకులం నుంచి వచ్చిన క్రైస్తవుడు ఆ గడిలో క్రైస్తవుడని రాసినా కులం వల్ల వచ్చే గౌరవం ఎక్కడికీ పోదు. గిరిజన క్రైస్తవులకు ఈ షరతు లేదు. పలక పెట్టేది దళితుడి కాళ్ల ముందే. చుట్టూ నిలబడి “తొక్కాడా, తొక్కలేదా” అని చూసేవాళ్లలో, దురదృష్టవశాత్తూ, మన సంఘపెద్దలు కూడా ఉంటారు. సర్టిఫికెట్ ఒకలా, బాప్తిస్మం ఒకలా ఉందని హేళన చేసిన ప్రసంగాలు మీరూ విన్నారు. మేమూ ఒకప్పుడు అలా మాట్లాడిన వాళ్లమే. ఈ రాత్రి మీ ముందు అది ఒప్పుకుంటున్నాం.

నవలలో ఒక ఘట్టం ఉంది. చెరసాల చీకట్లో రోడ్రిగ్స్‌కు గురక వినిపిస్తుంది. తాను చావుకు సిద్ధపడుతుంటే కాపలావాడు హాయిగా నిద్రపోతున్నాడని నవ్వుకుంటాడు. అప్పుడు ఫెరీరా వచ్చి చెబుతాడు. అది గురక కాదు, గోతుల్లో తలకిందులుగా వేలాడదీసిన పల్లెజనం మూలుగు. వాళ్లు ఎప్పుడో విశ్వాసం వదులుకున్నామని చెప్పేశారు. అయినా పాదిరి తొక్కేదాకా వాళ్లను దించరు.

మేము ఆ పేజీ దగ్గరే ఆగిపోయాం. డెబ్బై ఏళ్లకు పైగా మన సంఘం మూలుగును గురక అనుకుంది. ‘వీళ్లకు నమ్మకం తక్కువ, లోకం మీద ఆశ ఎక్కువ’ అనుకుని అటు తిరిగి పడుకుంది. మేమూ మూడు ఆదివారాలు తొక్కిన కాలు గురించే వాదించాం. పలక పెట్టించిన ఇనౌయె గురించి ఒక్కరం కూడా అడగలేదు. అతను నవలలో రాక్షసుడిలా ఉండడు. నవ్వుతూ మాట్లాడే ముసలి అధికారి. చేతికి రక్తం అంటదు. నియమం పెడతాడు, నేరం మాత్రం తొక్కినవాడి మీద పడుతుంది.

దీని అర్థం విశ్వాసాన్ని దాచుకోవడం మంచిదని కాదు. ఇదే నవలలో మోకిచి, ఇచిజో అనే ఇద్దరు పల్లెవాళ్లున్నారు. పలక తొక్కారు గాని, సిలువ మీద ఉమ్మమంటే వాళ్లకు చేతకాలేదు. సముద్రంలో కొయ్యలకు కట్టేస్తే అలల్లో చనిపోయారు. వాళ్లను తక్కువ చేసే హక్కు మనకు లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరి పెద్దలు పని మానిపించినా, దెబ్బలు కొట్టినా వెనక్కి పోనివాళ్లు వాళ్లలో ఉన్నారు. మనం వాళ్ల బిడ్డలం. అయితే బైబిల్లో నయమాను కూడా ఉన్నాడు. స్వస్థత పొంది ఇంటికి పోతూ, రేపు రాజుతో రిమ్మోను గుడికి వెళ్లి వంగాల్సి వస్తుంది, దాన్ని దేవుడు క్షమిస్తాడా అని ప్రవక్తను అడిగాడు. ఎలీషా వాణ్ణి తిట్టలేదు, సమాధానంతో సాగనంపాడు. ఎరుగనని బొంకిన పేతురు కోసం ప్రభువు ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి ఉంచాడు.

నవల చివర ఒక అధికారి డైరీ ఉంది. పాత భాషలో, లెక్కల పుస్తకంలా ఉంటుంది కాబట్టి చాలామంది పాఠకులు వదిలేస్తారు. మేమూ మొదట వదిలేశాం. దాన్ని ఓపికగా చదివితే, విశ్వాసం విడిచాడనుకున్న ఆ పాదిరి చేత ఏళ్ల తర్వాత మళ్లీ అలాంటి రాతే రాయించుకున్నారని తెలుస్తుంది. నిజంగా విడిచిపెట్టి ఉంటే మళ్లీ ఎందుకు రాయించుకోవాలి? లోపల నిప్పు ఆరలేదన్నమాట. చరిత్రా అదే చెప్పింది. 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన చర్చికి కొందరు పల్లెవాళ్లు వచ్చి, తమ మనసూ ఇదేనని ఫ్రెంచి గురువుకు రహస్యంగా చెప్పారు. రెండు వందల ఏళ్లకు పైగా పాదిరి లేకుండా, ఏటేటా పలక తొక్కుతూ, ఇంటికొచ్చి పశ్చాత్తాప ప్రార్థన చేసుకుంటూ విశ్వాసాన్ని పిల్లలకు అందించినవాళ్ల సంతానం వాళ్లు. హతసాక్షులను కన్న సంఘాన్ని తర్వాతి తరాలకు అందించింది ఆ తొక్కిన కాళ్లే.

ఇప్పుడు మీరు చేయగలిగిన మూడు పనులు చెప్పి ముగిస్తాం. ఒకటి, సర్టిఫికెట్ పేరుతో ఏ విశ్వాసినీ సంఘంలో చిన్నచూపు చూడనివ్వకండి. పెళ్లి దగ్గర, సమాధి దగ్గర ఆ మాట ఎత్తినవాళ్లను అక్కడే ఆపండి. రెండు, ప్రతి ఆగస్టు 10న సంఘాలు నల్లదినం పాటిస్తున్నాయి. బెంగళూరు ఉద్యోగాల్లో పడి మనం దాన్ని ఊళ్లోవాళ్లకు వదిలేశాం. ఈసారి మనమూ నిలబడదాం. కులం వల్ల నష్టం లేని క్రైస్తవులు ముందు వరుసలో నిలబడాలి. మూడు, ఇంటికి ఫోన్ చేయండి. ఆ గడి దగ్గర తలూపిన రోజున ఏం జరిగిందో అమ్మను అడగండి, నాన్నను అడగండి. తీర్పు చెప్పకుండా వినండి.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్తున్నాం. అమ్మా, మీ అమ్మ కిచిజిరోనే అనుకున్నా భయపడకు. నవలలో అందరూ వదిలేశాక కూడా కిచిజిరో వస్తూనే ఉన్నాడు. తొక్కిన పాదిరే ఆఖరికి వాడి ఒప్పుకోలు విన్నాడు. మీ అమ్మ ఆ రోజు సాయంత్రం అన్నం మానేసింది, ఆ ఆదివారం మళ్లీ మందిరం ఊడ్చింది. ఆ గచ్చు మీద కూర్చునే మేమంతా ప్రార్థన చేశాం.

ప్రభువు మీకు తోడై ఉండును గాక. ఆమేన్.