మూటగట్టినా ఒడవని పాట

(యాస, పాట మీద జరిగిన ముచ్చట్ల చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పాట గురించి మాట్లాడమన్నరు. మన పాట గురించి చెప్పెటందుకు నాకంటె పెద్దోళ్లు ఈడ కూసున్నరు. అందుకే నేను దూరదేశం పాటగాని ముచ్చట తెచ్చిన. ఆయన పేరు ఈ-ఫార్టీ. అసలు పేరు ఎర్ల్ స్టీవెన్స్. 1967లో పుట్టిన నల్లజాతి ర్యాపర్. ర్యాప్ అంటే దరువు మీద మాటను ఉరికించే పాట. 2004లో జైవ్ అనే పెద్ద కంపెనీ నుంచి ఆయన పేరున్న పాటలన్ని ఒక్కకాడ చేర్చిన ఆల్బం వచ్చింది. దాని పేరు 'ద బెస్ట్ ఆఫ్ ఎస్టర్‌డే, టుడే అండ్ టుమారో'. నిన్నటివి, నేటివి, రేపటివి మేలైన పాటలు అని అర్థం. ఇయ్యాల ఆ మూట ఇప్పి చూద్దాం.

ముందుగాల ఆయన ఊరు తెలువాలె. కాలిఫోర్నియాల శాన్‌ఫ్రాన్సిస్కోకు ఈశాన్యంగ వలేహో అని ఊరున్నది. 1850లల్ల కొన్నాళ్లు ఆ రాష్ట్రానికి రాజధాని. ఆ ముచ్చట ఇప్పుడు ఎందరికి యాదికున్నది? 1854 నుంచి మేర్ ఐలాండ్‌ల నౌకాదళం ఓడల కార్ఖాన నడిచింది. ఊరు దాని మీదనే బతికింది. 1996లో దాన్ని మూసిండ్రు. 2008లో నగరపాలక సంస్థనే దివాళ తీసింది. గసొంటి ఊరి పోరడు పాడితే వినేదెవరు? ర్యాప్ న్యూయార్క్‌ల పుట్టింది. పెద్ద కంపెనీల కుర్చీలు న్యూయార్క్, లాస్ ఏంజెలిస్‌లనే ఉండె.

పక్కనున్న ఓక్లాండ్‌ల టూ షార్ట్ అనే పాటగాడు అప్పటికే ఒక తొవ్వ తీసిండు. బడి చదువు కాడనే దోస్తుతోని కలిసి, అడిగినోళ్ల పేరు పెట్టి పాటలు కట్టి, క్యాసెట్లల్ల నింపి చేతుల మీదుగ అమ్మిండు. ఈ-ఫార్టీ అదే తొవ్వ పట్టిండు. సిక్ విద్ ఇట్ అని సొంత కంపెనీ పెట్టిండు. చెల్లె షుగా-టీ, తమ్ముడు డీ-షాట్, వరుసకు సోదరుడైన బీ-లెజిట్‌తోని 'ద క్లిక్' అనే జట్టు కట్టిండు. కారు డిక్కిల క్యాసెట్లు ఏస్కొని తిరిగి అమ్మిండు. అమ్మకం చూసినంకనే పెద్ద కంపెనీ ఎతుక్కుంట వచ్చింది. 1994లో జైవ్‌తోని ఒప్పందమైంది. అప్పుడు గూడ సొంత కంపెనీ పేరు ఇడిసిపెట్టలే. ఆ మాట యాది పెట్టుకోవాలె.

ఇగ అసలు ముచ్చట యాసది. ఈ-ఫార్టీ పాట మొదటిసారి విన్నోళ్లకు సగం మాటలు అర్థం గావు. ఆయన వలేహో గల్లీల మాటనే పాడుతడు, లేని మాటలు పుట్టిస్తడు. పైసలను 'గౌడా' అంటడు, అది జున్ను పేరు. గంజాయిని 'బ్రోకలీ' అంటడు. ఒక్క మాటను సాగదీస్తడు, పది మాటలను ఒక్క ఊపిరిల దంచుతడు. అర్థం గాదని ఆయన భాష మార్చుకోలే. విన్నోళ్లే నేర్సుకున్నరు. ఆ మాటల్ల కొన్ని దేశమంత తిరిగినయి. సినిమాల మన యాసను రౌడీలకు, జోకర్లకు తొడిగిన కాలం చూసినోళ్లం, దీని విలువ మనకు ఎవరు చెప్పాల్నా?

అన్నీ మెచ్చుకునేటియే లేవు. మత్తుమందుల దందా, ఆడోళ్లను చులకన చేసే మాటలు ఆయన పాటలల్ల శానా ఉన్నయి. బాగ పేరొచ్చిన ఒక పాట పేరే ఆడోళ్లకు తిట్టు. చెల్లెను పక్కన నిలవెట్టుకొని పాడినోడు గా మాటలు ఎట్ల రాసిండని అడగాలె. మన యాసల ఉన్నదని తప్పు ఒప్పు కాదు.

ఇప్పుడు ఆ మూట కాడికి వద్దాం. గొప్ప పాటల ఆల్బం అంటె కంపెనీకి తేలికైన బేరం. కొత్తగ రికార్డింగు ఖర్చు తక్కువ, పేరు ముందుగాలనే ఉన్నది. ఎక్కువసార్లు ఒప్పందం ఆఖర్ల గసొంటిది వస్తది. జైవ్‌ల ఆయన కొత్త పాటల చివరి ఆల్బం 2003లో, ఈ మూట 2004లో. కొత్తగ వినేటోళ్లకు ఇది మంచి దర్వాజ, నేను కాదనను. గాని డిక్కిల క్యాసెట్లు, వాటిని కొన్న గల్లీ, మూతబడ్డ కార్ఖాన అండ్ల కనవడయి. పేరొచ్చిన పాటలు వరుసగ వస్తయి, ఆ పాటలను మోసిన ఊరు బయటనే ఉంటది.

మూటగట్టినంక పాటగాని పని అయిపోయిందనుకుంటరు. ఏమైంది? 2006లో అట్లాంటకు చెందిన లిల్ జాన్ అండతోని వార్నర్ కంపెనీ నుంచి 'మై ఘెట్టో రిపోర్ట్ కార్డ్' తెచ్చిండు. అది అమెరికా ఆల్బముల పట్టీల మొదటి వారమే మూడో నంబరుల నిలిచింది. అండ్ల 'టెల్ మీ వెన్ టు గో' పాటతోని బే ప్రాంతపు 'హైఫీ' ఊపు దేశమంత తెలిసింది. మూట పేరుల ఉన్న 'రేపు' మూట బయట దొరికింది. 2023లో వలేహోల ఒక వీధికి ఆయన పేరు పెట్టిండ్రు.

ధర్నా శిబిరాల కాడ పాట వినుకుంట పెరిగినోన్ని. నేను చెప్పేది ఒక్కటే. ఎవరి పాటలైనా మూటగట్టి మన చేతుల పెడితే సంబురంగ విందాం. విన్నంక మూడు ముచ్చట్లు అడుగుదాం. ఈ పాటలు ఎంచినోళ్లు ఎవరు? పైసలు ఎవరికి పోతున్నయి? ఇండ్ల రానియ్యని పాటలు ఏ ఇంట్ల, ఏ పాత క్యాసెట్టుల పడి ఉన్నయి? ఆ ఆఖరు ప్రశ్నకు జవాబు ఎతుకుట మన పని.