ఇహితే ఊరి పిల్ల

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. నేను వార్డెన్‌ని. రోజూ బియ్యం లెక్క, కూరగాయల లెక్క, హాజరు లెక్క చూసుకునేదాన్ని. పెద్ద ఉపన్యాసాలు నాకు రావు. అందుకని ఒక చిన్నపిల్ల కథ చెబుతాను. ఆ పిల్ల మన ఊరిది కాదు, మన దేశానిది కూడా కాదు. ఆఫ్రికాలో కెన్యా అనే దేశం ఉంది. ఆ దేశం నడిమధ్య కొండల్లో, న్యేరి అనే పట్నానికి దగ్గర్లో ఇహితే అనే పల్లె ఉంది. ఆ పల్లెలో 1940 ఏప్రిల్ 1న పుట్టింది ఈ పిల్ల. పేరు వంగారి. వాళ్లు కికుయు జాతి వాళ్లు.

వాళ్లలో బిడ్డ పుడితే ఊరి ఆడవాళ్లంతా తమ తమ చేలల్లో పండినవి తెస్తారు. పచ్చి అరటికాయలు, చిలగడదుంపలు, చెరకు. వాటి రసం బిడ్డ పెదవులకు తాకిస్తారు. తల్లిపాల కంటే ముందు ఆ నేల రుచి బిడ్డకు తెలియాలన్నమాట. మనం కొత్తల పండుగ చేసి, దేవతకు పెట్టి, ఆ తర్వాతే కొత్త పంట నోట పెట్టుకుంటాం కదా. పద్ధతి వేరే గానీ, నేలకు ఇచ్చే మర్యాద ఒకటే. వాళ్లకు కెన్యా పర్వతం దేవుడుండే చోటు. మనకూ కొండ దేవుడే.

వంగారి వాళ్ల నాన్న ఒక తెల్లదొర పొలంలో పనికి కుదిరాడు. కొన్నేళ్లు కుటుంబమంతా అక్కడే ఉంది. అక్కడ పిల్లలకు బడి లేదు. అన్నల చదువు కోసం 1947 చివర్లో తల్లి, వంగారి ఇహితేకి తిరిగి వచ్చారు. అప్పటికి ఆ పిల్లకు ఏడేళ్లు.

అక్కడ ఆ పిల్ల రోజు ఎలా గడిచేదో వినండి. అమ్మతో పాటు పొలానికి పోవడం. కట్టెలు ఏరడం. ఊటకు పోయి నీళ్లు తేవడం. అమ్మ ఆ పిల్లకు తన చేలోనే చిన్న చెక్క ఇచ్చింది, నీ ఇష్టం వచ్చింది వేసుకో అని. చిలగడదుంప, చిక్కుళ్లు, మొక్కజొన్న వేసింది. గింజ మొలిచిందో లేదో చూడాలని ఆత్రం. మట్టి తీసి చూసేది. అలా తీయకూడదు, దాని పని దాన్ని చేసుకోనివ్వు అని అమ్మ చెప్పేది. చిన్నప్పుడు మనమూ ఈ పని చేసినవాళ్లమే, తిట్లు తిన్నవాళ్లమే.

వాళ్ల ఇంటికి దగ్గర్లో ఒక పెద్ద చెట్టు ఉండేది. మన మేడి, రావి జాతిదే. వాళ్లు ముగుమో అంటారు. కట్టెలకు పోయేటప్పుడు అమ్మ ఒక మాట గట్టిగా చెప్పేది. ఆ చెట్టు కింద ఎండుపుల్ల కూడా ముట్టుకోవద్దు, అది దేవుడి చెట్టు అని. ఆ చెట్టుకు కాస్త దూరంలోనే నీటి ఊట. ఆ నీళ్లు నేరుగా దోసిలితో తాగేవాళ్లు. గట్టున చేమాకులు. వాటి నీడలో, నీళ్లలో కప్పగుడ్లు దండల్లా తేలుతుండేవి. పూసలనుకుని ఆ పిల్ల వాటిని మెడలో వేసుకుందామని ఎత్తేది. ఎత్తగానే తెగిపోయేవి. కొన్నాళ్లకు చూస్తే ఆ గుడ్లు ఉండవు, నీళ్ల నిండా తోకకప్పలు. ఇదేమిటో ఆ పిల్లకు అర్థం కాలేదు. కానీ చూస్తూ కూర్చునేది. పెద్దయ్యాక ఆవిడ జీవశాస్త్రం చదివింది. ఆ శాస్త్రంలో మొదటి పాఠం ఆ ఊట దగ్గరే అయిందని నాకు అనిపిస్తుంది.

సాయంత్రం పొయ్యి చుట్టూ చేరేవాళ్లు. కూడు ఉడికేదాకా పిల్లలు నిద్రపోకుండా పెద్దవాళ్లు కథలు చెప్పేవాళ్లు. పుస్తకం లేదు, దీపం కూడా సరిగ్గా లేదు. మంట వెలుగు, కికుయు భాష, అంతే.

ఆడపిల్లను బడికి పంపడం అప్పట్లో మామూలు సంగతి కాదు. అన్నయ్యే అమ్మను అడిగాడట, వంగారి మాతో ఎందుకు రాదు అని. అమ్మ ఆలోచించి, సరే వెళ్లనివ్వండి అంది. ఎనిమిదో ఏట బడిలో చేరింది. దారిలో బంధువుల పిల్లవాడొకడు నోటుబుక్కులో ఏదో రాసి, రబ్బరుతో తుడిచి చూపించాడు. రాసింది మాయమైపోవడం చూసి తనూ అలా రాసి తుడపాలని ఆశపడింది. అదీ చదువు మీద మొదటి కోరిక. మట్టిగోడల బడి. శుక్రవారం పిల్లలే ఇంటి నుంచి బూడిద, ఊట నుంచి నీళ్లు తెచ్చి నేల మీద చల్లి ఊడ్చేవాళ్లు, దుమ్ము లేవకుండా, పురుగు చేరకుండా.

ఇంతవరకు ఆ పిల్ల బతుకు మన బతుకే. ఇక్కడి నుంచి వినండి, ఇది కూడా మనదే.

పదకొండో ఏట ఆమెను మిషన్ వాళ్ల బోర్డింగ్ స్కూల్లో వేశారు. అంటే హాస్టల్. అక్కడ ఇంగ్లీషే మాట్లాడాలి. కికుయులో మాట్లాడుతూ దొరికితే ఒక బిళ్ల తగిలించేవాళ్లు. తనను తాను కించపరుచుకునే రాత ఉంటుంది దాని మీద. ఆ బిళ్ల ఉన్నవాళ్లు, సొంత భాష మాట్లాడే ఇంకొకరిని పట్టుకుని వాళ్లకు తగిలించాలి. సాయంత్రానికి ఎవరి దగ్గరుంటే వాళ్లకు గడ్డి కోయడమో, ఊడ్చడమో శిక్ష. పని పెద్ద కష్టం కాదు. సిగ్గే కష్టం. పిల్లలు ఒకరి మీద ఒకరు కాపలా కాసేవాళ్లు. ఇంగ్లీషు వచ్చింది, నిజమే. దాంతో పాటే మన మాట తక్కువది, మనం తక్కువవాళ్లం అనే అనుమానం కూడా లోపలికి వచ్చింది. ఆవిడ 2006లో వచ్చిన తన ఆత్మకథలో ఈ సంగతులన్నీ రాసుకుంది. ఆ పుస్తకం పేరు ‘అన్‌బౌడ్’. తల వంచనిది అని చెప్పుకోవచ్చు.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఎందుకో చెబుతాను.

నేను నాలుగో తరగతిలో హాస్టల్లో చేరాను. తెలుగు సరిగ్గా రాదు. ఒకరోజు క్లాసులో దాహం వేసి లేచి, "సార్, ఏరు" అన్నాను. మన కోయలో ఏరు అంటే నీళ్లే కదా. క్లాసంతా గొల్లుమంది. "ఏరు మొత్తం తాగుతుందట!" సార్ కూడా నవ్వారు. ఆ ఏడాదంతా నా పేరు ‘ఏరు పిల్ల’. ఆ తర్వాత నేను నీళ్లు అడగడమే మానేశాను. దసరా సెలవులకు ఇంటికెళ్లి అమ్మకు తెలుగులో జవాబు చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. అన్నం పెట్టి పక్కకెళ్లి కూర్చుంది.

ఇంత పడ్డదాన్ని, టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని, తెలిసిన దాని నుంచి తెలియని దానికి పిల్లవాణ్ణి తీసుకెళ్లాలి అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, వార్డెన్ అయ్యాక ఏం చేశానో తెలుసా? ఒక నోటుబుక్కు పెట్టాను. భోజనాల దగ్గర, స్టడీ అవర్లో కోయ మాట్లాడిన పిల్లల పేర్లు లీడర్ అందులో రాయాలి. పేరు వచ్చినవాళ్లు వరండా ఊడవాలి. మంచికే అనుకున్నాను. పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు రావాలి, నాలాగా నవ్వులపాలు కాకూడదు అనుకున్నాను.

ఒక ఆదివారం ఆరో తరగతి పిల్ల కోసం వాళ్ల అవ్వ వచ్చింది. ముసలామె, పొద్దున్నే బయల్దేరి నడిచి, ఆటో ఎక్కి, ఉడకబెట్టిన దుంపలు కొంగున కట్టుకుని వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. ఆమె కోయలో అడుగుతుంటే, ఈ పిల్ల నా వైపు ఓరగా చూస్తూ తెలుగులో జవాబు చెబుతోంది. కాసేపటికి అవ్వ నా దగ్గరికి వచ్చి కోయలో అడిగింది: "అమ్మా, నా మనవరాలికి ఒంట్లో బాగాలేదా? నాతో మాట్లాడటం లేదు."

వంగారి పుస్తకం నా చేతికి వచ్చింది ఆ తర్వాతే. నా నోటుబుక్కుకీ, ఆ బిళ్లకీ తేడా ఏమిటని ఎంత వెతికినా నాకు కనబడలేదు. నోటుబుక్కు తీసేశాను. అయినా ఇప్పటికీ కొందరు పిల్లలు నేను కనబడగానే తెలుగులోకి మారిపోతారు. నేను వేసిన భయం ఒక్క రోజులో పోదు. అది నేను మోయాల్సిన బరువు.

ఇక వంగారి సంగతి. చదువులో ముందుండి, 1960లో అమెరికా వెళ్లింది. జీవశాస్త్రంలో డిగ్రీలు తీసుకుని 1966లో తిరిగొచ్చింది. ఊరికెళ్లి చూస్తే ఆ దేవుడి చెట్టు లేదు. స్థలం తినేస్తోందని కొట్టేసి టీ మొక్కలు వేశారు. ఊట ఎండిపోయింది. అప్పుడు ఆవిడకు చదివిన శాస్త్రం, అమ్మ చెప్పిన మాట కలిశాయి. ఆ చెట్టు వేర్లు రాతిని చీల్చుకుని లోతుకు పోయి నీటిని పైకి తెస్తాయి, వాలు నేల జారిపోకుండా పట్టి ఉంచుతాయి. అమ్మ దేవుడి చెట్టు అన్నదాన్నే సైన్సు ఇంకో మాటలో చెప్పింది. చదువు లేని అమ్మది మూఢనమ్మకం అనుకుని ఉంటే ఆవిడకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

1977లో పల్లె ఆడవాళ్లతో చెట్లు నాటించడం మొదలుపెట్టింది. గ్రీన్ బెల్ట్ ఉద్యమం అంటారు. చదువుకున్న అటవీ అధికారులు ఈ ఆడవాళ్లకు ఏం తెలుసు అన్నారు. చిక్కుడు గింజ, జొన్న గింజ మొలిపించే చేతులు చెట్టు గింజను మొలిపించలేవా? పగిలిన కుండల్లో కూడా నారు పెంచారు. 3 కోట్లకు పైగా చెట్లు నాటారు. 2004లో వంగారి మాథాయ్‌కి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆఫ్రికా ఆడవాళ్లలో ఆ బహుమతి అందుకున్న మొదటి మనిషి ఆవిడే. ఆస్లో నగరంలో ప్రపంచం ముందు నిలబడి, ప్రసంగం చివర్లో ఆవిడ చెప్పింది ఏమిటో తెలుసా? ఇంటి పక్క ఊట, చేమాకులు, కప్పగుడ్ల పూసలు, తోకకప్పలు. ఆ నీళ్లు తిరిగి మన పిల్లలకు ఇవ్వాలి అని ముగించింది. 2011లో ఆవిడ కన్నుమూసింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను చెప్పేది ఇంగ్లీషు వద్దని కాదు. ఇంగ్లీషు లేకపోతే ఆవిడ ఆస్లో దాకా వెళ్లేది కాదు, ఆ పుస్తకం నా దాకా వచ్చేది కాదు. మా నోటుబుక్కు తీసేసినప్పుడు ఒక తండ్రి వచ్చి, "మేడం, కోయ ఇంటి దగ్గరే వస్తుంది, ఇంగ్లీషు కోసమే కదా మీ దగ్గర వేసింది" అని నిలదీశాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆయనకు నేను ఒకటే చెప్పాను: రెండూ నేర్పుతాం, ఒకదాని కోసం ఇంకోదానికి సిగ్గుపడటం మాత్రం నేర్పం. ఇది కొత్త మాట కాదు. గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు సవరలోనే పాఠాలుండాలని ఎప్పుడో పుస్తకాలు రాశారు. 2004లోనే ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు మొదలుపెట్టారు. దారి ఉంది. నడవాల్సింది మనం.

ఇప్పుడు మా హాస్టల్లో శుక్రవారం సాయంత్రం ఒక గంట పెట్టాం. ఒక్కో పిల్ల ఇంటి నుంచి తెచ్చిన ఒక కథో, ఒక చెట్టు పేరో, ఒక రేలా పాటో చెబుతుంది. కోయలో చెప్పి, తెలుగులో చెప్పి, వచ్చినంత ఇంగ్లీషులో చెబుతుంది. మూడు భాషల్లో చెప్పగలిగిన పిల్లను చూసి ఎవరు నవ్వుతారు?

హైదరాబాదులో, విశాఖలో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. బస్సులో అమ్మ ఫోన్ చేస్తే గొంతు తగ్గించి తెలుగులోకి మారిపోతాం. నేనూ చేశాను. ఈసారి మారకండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చుని, ఫోను రికార్డింగులో పెట్టి, మన వాగు పక్క ఏ చెట్టు ఎందుకు కొట్టకూడదో అడగండి. అవ్వకు తెలుసు. ఆమెను అడిగేవాళ్లే లేరు.

ఆ ముసలామె మళ్లీ వచ్చింది, మొన్న సంక్రాంతి ముందు. గేటు దగ్గర మనవరాలు పరుగెత్తుకుంటూ వెళ్లి ఏదో గబగబా చెప్పి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత కోయలోనే అంది, "మేడం, మా అవ్వకు ఏరు కావాలి" అని.

నేనే వెళ్లి గ్లాసుతో తెచ్చి ఇచ్చాను.